కొల్లేటి నీటికి ఒక రిజిస్టరు

(కోతపండుగ దినమున సంఘకూటములో చేసిన ప్రసంగము. సంచిక కమిటీవారు కోరగా వ్రాసి యిచ్చినది.)



శతాబ్ది సంచికకు పాత సంగతులు సేకరించి పంపవలెనని కమిటీవారు కోరగా, మేము పాస్టరేటు బీరువాలోని రిజిస్టర్లు దించి దుమ్ము దులిపాము. బాప్తిస్మముల రిజిస్టరు, వివాహముల రిజిస్టరు, భూస్థాపనల రిజిస్టరు. చెదలు తినగా మిగిలినవి చాలానే ఉన్నవి. మనకు ముందు ఇక్కడ పనిచేసిన ఉపదేశులు, గురువులు ఎంత ఓపికగా వ్రాశారో చూస్తే మనస్సు నిండిపోయినది. దీపపు వెలుతురులో, కలము సిరాబుడ్డిలో ముంచి ముంచి వ్రాసిన అక్షరములు. పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, తేదీ. ఒక్క గడి కూడ ఖాళీగా విడిచిపెట్టలేదు.

భూస్థాపనల రిజిస్టరులో ఒక పేజీ దగ్గర మా చేయి ఆగిపోయినది. ఒకే వేసవి. మరణకారణము అన్న గడిలో పైనుండి క్రిందివరకు ఒకే మాట, కలరా. మొదటి పేరు ఎదుట ఆ మాట పూర్తిగా వ్రాశారు. తరువాత డిటో, డిటో అని వ్రాసుకుంటూ పోయారు. ఒక తల్లి పేరు, ఆ క్రింది వరుసలో ఆమె బిడ్డ పేరు. ఆ ఉపదేశి ఆ రోజులలో ఎన్ని గోతుల దగ్గర నిలిచి ప్రార్థన చేశాడో, ఇంటికి వచ్చి ఏ చేతితో ఇది వ్రాశాడో మనకు తెలియదు.

ఆ జనము ఏ నీరు త్రాగారు? రిజిస్టరు చెప్పదు. సంఘములోని వృద్ధులను అడిగి తెలుసుకొన్నాము. లంకలలోనివారు కొల్లేటి నీరే కడవలతో తెచ్చుకొని, చిల్లగింజ అరగదీసి కలిపి, మడ్డి అడుగుకు దిగిన తరువాత పైనున్న తేటనీరు త్రాగేవారట. కంటికి అద్దమువలె ఉండే నీరు. అందులో ఏమున్నదో చూచుటకు ఆ దినములలో వారికి ఏ సాధనమూ లేదు. మనుషుల సంగతి ఇంత జాగ్రత్తగా వ్రాసిన సంఘము, ఆ మనుషులను బ్రతికించి, ఒక్కొక్కప్పుడు చంపిన నీటిని గురించి ఒక్క వాక్యము వ్రాయలేదు. వారిని తప్పుపట్టుట లేదు. వ్రాయవచ్చునని వారికెవరు చెప్పారు? మాకు చెప్పినవారెవరు?

2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయి ఆసుపత్రిపాలైన సంగతి మీకు జ్ఞాపకమే. పెద్ద పెద్ద సంస్థల నుండి నిపుణులు వచ్చి రక్తము తీశారు, నీరు తీశారు, కూరగాయలు తీశారు. ఆ వారము ఆరాధన ముగియగానే స్త్రీల మైత్రి సహోదరీలు మమ్మును చుట్టుముట్టి, "అయ్యగారూ, మన నీళ్ళు మంచివేనా?" అని అడిగారు. ప్రార్థన చేద్దామమ్మా అన్నాము. ప్రార్థన చేశాము కూడ. కాని వారడిగినది ప్రార్థన కాదని, ఒక జవాబు అని, ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు మాకు తోచినది. మంచివే అనుటకు గాని, కావు అనుటకు గాని మా దగ్గర ఒక్క కాగితము లేదు. మరుసటి సంవత్సరమే కైకలూరు బజారులో గట్టి అట్ట వేసిన పెద్ద రిజిస్టరు ఒకటి కొన్నాము. ఇది మా పాస్టరేటులో నాలుగవ రిజిస్టరు.

యెహెజ్కేలు గ్రంథము 47వ అధ్యాయము మీకు తెలుసు. మందిరపు గడప క్రిందనుండి నీళ్ళు ఉబికి తూర్పుగా పారును. వేదాంత కళాశాలలో ఈ అధ్యాయమునకు ఆత్మీయభావము ఎంతో చదువుకొన్నాము, పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొన్నాము. కాని ప్రవక్తతో నడిచిన ఆ మనుష్యుని చేతిలో కొలత్రాడు ఉన్నదన్న సంగతి మీద మేమెన్నడూ నిలువలేదు. వేయి మూరలు కొలిచి ప్రవక్తను నీటిలో దింపుతాడు, చీలమండల లోతు. మరల వేయి మూరలు, మోకాళ్ళ లోతు. మరల కొలిచితే నడుములోతు. ఆ తరువాత ఈదవలసినంత. గట్టుమీద నిలిచి చూచిన దర్శనము కాదది, బట్టలు తడిసిన దర్శనము. ఆ అధ్యాయములోనే ఇంకొక మాట ఉన్నది, దానిని మనము సాధారణముగా దాటిపోతాము. నది చేరిన చోటనెల్ల జలములు బాగుపడినను, కొన్ని బురద పర్రలు మాత్రము బాగుపడక ఉప్పుకే మిగిలిపోవును. వేసవిలో ఉప్పుటేరు వెంబడి సముద్రపు పోటు ఎగదన్నుట ఎరిగిన మనకు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు.

నీటి తేటదనము కొలుచుటకు లోకమంతట వాడే సాధనము ఒకటున్నది. దానిని కనిపెట్టినవాడు మనవంటి ఒక సేవకుడే అంటే మా యువకులు నమ్మలేదు. ఇటలీ దేశస్థుడైన ఫాదర్ ఆంజెలో సెక్కి యేసు సభకు చెందిన గురువు. రోము నగరములోని వేధశాలకు అధిపతి. నక్షత్రముల కాంతిని విడదీసి వాటిని తరగతులుగా విభజించిన మహా శాస్త్రజ్ఞుడు. 1865వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పోపుగారి ఓడమీద మధ్యధరా సముద్రములోనికి వెళ్ళి, తెల్లని పళ్ళెములను త్రాటికి కట్టి నీటిలోనికి దింపి, ఎంత లోతున కంటికి కనబడకుండ పోవునో కొలిచి వ్రాశాడు. అంతే. 1899లో విపుల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ పళ్ళెమును నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములకు నలుపు, తెలుపు రంగులు వేశాడు. సరస్సులలో నేటికీ అదే వాడుతున్నారు. ఆకాశమును చూచిన కన్ను నీటిలోనికి వంగి చూచుట మాకెంతో నచ్చినది.

మా బిళ్ళను ఊరిలోని వెల్డింగు షాపులో చేయించాము. జానెడు వెడల్పున్న ఇనుప రేకు, నడుమ రంధ్రము, క్రింద బరువుకు ఒక తూకపు గుండు. రంగులు వేసినది యువజన సమాజమువారు. సండే స్కూలు పిల్లలకు సెక్కి అన్న పేరు నోటికి పట్టక చెక్కబిళ్ళ అన్నారు. ఇనుముతో చేసిన చెక్కబిళ్ళ! అదే పేరు స్థిరపడినది. మొదట నైలాను త్రాడు కట్టి రెండు నెలలు కొలిచాము. తడిసి లాగిన కొద్దీ అది సాగుతుందని తరువాత తెలిసినది, ఆ రెండు నెలల కొలతల ప్రక్కను ఎర్రసిరాతో ఆ సంగతి వ్రాశాము. మన తెలుగువారు దేనినైనా మిక్కిలి పొడవు అని చెప్పుటకు కొల్లేటి చాంతాడు అంటారు గదా. నిజమైన కొల్లేటిలో దింపవలసిన మా త్రాడు మాత్రము నాలుగు మూరలకు మించలేదు. కొల్లేరు అంత లోతు లేనిది.

ఇక్కడ పెరిగినవారికి కొల్లేటిని గురించి చెప్పబోవుట సాహసము. అయినను సంచిక చదివేవారిలో దూరపు పాస్టరేటులవారు కూడ ఉన్నారు గనుక రెండు మాటలు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన పల్లపు సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాలువలు, మురుగు డ్రెయిన్లు ఇందులో పడతాయి. నీరు సముద్రమునకు పోవుటకు ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఐదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో రామ్సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడినేలల పట్టికలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ఎవరి గట్టు తెగినదో, ఎవరిది మిగిలినదో, ఎవరి అప్పు తీరలేదో ఆ కథలు మీ ఇండ్లలోనే ఉన్నవి. ఆ తగవు మేము ఇక్కడ తీర్చబోము. కీర్తనకారుడు తన ఒంటరితనమునకు పోల్చుకొన్న గూడబాతులు ఆటపాకలో వేలకొలది గుంపుగా ఉంటాయని మాత్రము చెప్పగలము.

శనివారము ఉదయము పది దాటిన తరువాత దోనె బయలుదేరుతుంది. ఎండ బాగా పైకి రావలెను. దోనె నీడ పడే వైపునుండి బిళ్ళను దింపవలెను, లేనియెడల నీటి తళుకు కన్ను మోసగించును. నల్లకళ్ళద్దములు పెట్టుకొనకూడదు. బిళ్ళ మాయమైన చోట త్రాటిని చిటికెనవ్రేలితో పట్టుకొని, కొంచెము పైకి లాగి, మరల కనబడిన చోట కూడ గుర్తుపెట్టి, ఆ రెంటికి సగటు వ్రాయవలెను. ఇద్దరు వేరువేరుగా చూడవలెను. ఇందులో ఒక చిక్కు వచ్చినది. వేసవిలో నీరు తగ్గి బిళ్ళ మాయము కాకముందే అడుగు తగిలేది. మాలో ఒకరు "అంత లోతు వరకు తేట అని వ్రాద్దాం" అన్నారు. అది సరి కాదు. అడుగు తగిలినది, ఇంకా కనబడుచున్నది, అని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఒడ్డు దగ్గరి పలుచని నీటికైతే పొడవైన గాజు గొట్టము అడుగున చిన్న నలుపు తెలుపు బిళ్ళ పెట్టి, అందులో నీరు పోసి పైనుండి చూస్తాము.

మాకు దోనె వేసే పెద్దాయన చేపల రేవులో పుట్టి పెరిగినవాడు. మన సంఘస్థుడు కాడు, ఏటా పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు కొల్లేటికోట వెళ్ళేవాడు. మొదటి దినమున మా బిళ్ళను చూచి నవ్వి, మోచేతివరకు చేయి నీటిలో ముంచి, "నా అరచెయ్యి కనపడతందా అండీ?" అన్నాడు. కనబడలేదు. చేపల రైతులు తరతరాలుగా చేసే పరీక్ష ఇదేనట. చెరువులో అరచేయి మోచేతి లోతున మసకబారితే చేపకు మేత చాలినంత ఉన్నట్టు, అంతకు పైనే మాయమైతే నాచు ముదిరినట్టు. అంటే మేము వెల్డింగు చేయించిన సాధనము ఆయన భుజమునకు పుట్టుకతోనే ఉన్నది! ఆ దినమునుండి ఆయనకు తోచినది కూడ రిజిస్టరులో ఒక గడిగా పెట్టాము. నీటి రంగు, వాసన, గుర్రపుడెక్క ఎటు కదిలినది, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరిచినవా లేదా. పచ్చనాచు పగలు ప్రాణవాయువు విడుస్తుంది, రాత్రి అదే వాయువును వాడుకొంటుంది. అందుచేత తెల్లవారే ముందు నీటిలో అది మిక్కిలి తక్కువగా ఉండును. ఇది మేము పుస్తకములో చదివినది. ఆయన చదువకుండ ఎరిగినది.

మసక అంతా ఒక్కటి కాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడను ముంచిన తరువాత ఆ నీరంతా దిగువకు వచ్చి మన లంకలను చుట్టుకొన్నది. ఆ వారాలలో మా బిళ్ళ బెత్తెడు లోతుననే మాయమైనది. ఎర్రమట్టి మసక అది. వరద తీసిన తరువాత అడుగుకు దిగిపోయినది. చేపల చెరువుల దిగువను పచ్చగా కనబడే మసక అటువంటిది కాదు. తవుడు, చెక్క, కోళ్ళ ఎరువు చెరువులో పడి, అందులోని భాస్వరము, నత్రజని నీటిలో కరిగి నాచుకు బలమైన మేత అవుతాయి. ఆ నీటిని కాలువలోనికి వదిలితే నాచు వెంట వచ్చును. చెరువులో ఉన్నంతసేపు అది రైతుకు రాబడి, గట్టు దాటిన తరువాత అది మరొకరి కడవలోని నీరు. తేటనీరంతా మంచిదనుట కూడ పొరపాటే. గుర్రపుడెక్క దట్టముగా క్రమ్మిన చోట ఎండ తగలక నాచు పెరుగదు, నీరు నల్లగా, నిలకడగా, కొన్నిమార్లు ఆశ్చర్యము కలిగేటంత తేటగా ఉండును. అందులో చేప బ్రతకదు. మన తాతలు చిల్లగింజతో తేర్చుకొన్న నీరు కూడ తేటనీరే గదా.

అందుచేత బిళ్ళతో పాటు సీసాలు మొదలుపెట్టాము. ఈ సీసా పరీక్ష మన దేశములోనే పుట్టినది. గ్వాలియరులోని రక్షణశాఖ పరిశోధనాలయములో మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1982లో దీనిని ప్రకటించారు. చిన్న సీసాలో మందులో నానబెట్టి ఆరబెట్టిన కాగితపు ముక్క ఉండును. గీతవరకు నీరు పోసి మూతపెట్టి వెచ్చని చోట ఉంచితే, మలము కలిసిన నీరైతే నల్లబడును. మిక్కుటముగా కలిసినదైతే త్వరగా నల్లబడును. అక్షరము రానివారికి కూడ అర్థమయ్యే పరీక్ష. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామములో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష పెట్టెలు ఇచ్చి నేర్పవలెనని నియమమున్నది. మా స్త్రీల మైత్రిలో ఇద్దరు ఆ విధముగా నేర్చుకొన్నవారే. త్రాగేనీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండవలెనని, వేరే గతిలేని చోట 2000 వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణము. ఉప్పుటేరు ఎగదన్నిన నెలలలో కలమువంటి మీటరు ముంచి చూచి ఆ అంకెలు వ్రాసేది వారే. మాకంటె బాగా వ్రాస్తారు.

కొల్లేటిలో ఏ మూల నీరు తెచ్చినను సీసా ఒకటి రెండు దినములలో నల్లబడినది. ఆశ్చర్యపడనక్కరలేదు. పక్షులున్నవి, పశువులున్నవి, మనమున్నాము. కాచి చల్లార్చనిదే ఆ నీరు నోట పోయరాదని ఆ రోజే ఇంటింటికి చెప్పించాము. కాని ఎంత త్వరగా నల్లబడినదన్నదే చూడవలసినది. చేపల చెరువు ఒకటి కాలువలో కలిసే గట్టు దగ్గరి సీసా మిగిలినవాటికంటె ముందు నల్లబడగా, గంట చూచి, చోటు పేరుతో సహా రిజిస్టరులో ఎక్కించాము. మా పెద్దాయన అన్నదమ్ములు కౌలుకు చేసే చెరువే అది. ఆయన ఏమీ అనలేదు. మేము మాత్రము ఎంతో ధైర్యముగల పని చేసినట్లు అనుకొన్నాము.

తరువాతి నెలలో ఇంకొక సీసా దానికంటె త్వరగా, ఒక్క రాత్రిలో, తారువలె నల్లబడినది. అది ఎక్కడి నీరో చూచాము. మన ఆవరణలోని పిల్లల హాస్టలు వెనుక డ్రెయిను కాలువలో పడే చోటు. గాజు గొట్టములో కూడ అక్కడి నీరే అన్నిటికంటె మసక. హాస్టలు మరుగుదొడ్ల గుంట ఏనాటిదో, దాని గోడ ఎప్పుడు పగిలినదో ఎవరూ చూడలేదు. ఆ కాలువ దిగువను మూడు వాడలవారు గిన్నెలు తోముకొంటారు.

మేము ఆ గడి నింపలేదు. కలము చేతిలో ఉండగానే మూసివేశాము. సీసా మూత సరిగా పెట్టలేదేమో, మరల చూచి వ్రాద్దాము అని చెప్పుకొన్నాము. మరల చూచాము, మరల అట్లే నల్లబడినది. అప్పుడును వ్రాయలేదు. శతాబ్ది సంవత్సరము, అధికారులు వచ్చిపోయే సమయము, హాస్టలుకు ఏ నోటీసు వచ్చునో, పిల్లలను ఎక్కడికి పంపవలెనో, ఇవన్నియు మా మనస్సులో తిరిగినవి. కొన్ని న్యాయమైన భయములే. అయినను మూడు వారములు ఆ గడి తెల్లగా ఉన్నది. ఆ మూడు వారములలో మేము రెండుసార్లు ప్రభురాత్రి భోజన సంస్కారము జరిపించాము. ఈ సంగతి ఇక్కడ చెప్పకుండ దాటుటకు కూడ ఒక దారి వెదికాము, దొరకలేదు.

నాలుగవ శనివారము దోనెలో పెద్దాయన రిజిస్టరు తనవైపు త్రిప్పుకొన్నాడు. చదువురాదు, కాని గడులు ఎరుగును. వ్రేలు ఖాళీ గడిమీద పెట్టి, "మా గట్టుకాడ నల్లబడినప్పుడు అక్కడికక్కడే రాసేశారు గదండీ. మీ గట్టుకాడిది ఇంకా సిరా ఆరలేదేటండీ, అయ్యగారూ?" అన్నాడు. కోపముతో అనలేదు. గెడ వేస్తూనే అన్నాడు. యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు మందలోని బలిసినవాటిని నిలదీస్తాడు. మీరు తేటనీరు త్రాగి, మిగిలినది కాళ్ళతో కలకచేయుట మీకు చాలదా, నా గొఱ్ఱెలు మీ కాళ్ళు కలిపిన నీరు త్రాగవలెనా అని ఆ మాట భావము. దానిమీద మేము ఇదివరకు రెండు ప్రసంగములు చేశాము. రెండిటిలోను కాపరులమై చెప్పామే గాని కాళ్ళు మావి అనుకొనలేదు. దోనెలోనే మూడు వారముల గడులు నింపాము. తేదీ ఆనాటిదే వేసి, ఆలస్యముగా వ్రాసినదని ప్రక్కన వ్రాశాము.

ఆ రాత్రి మేము చదివినది హెన్రీ వైట్‌హెడ్ అనే గురువుగారి కథ. 1854లో లండను నగరపు సోహో పేటలో కలరా చెలరేగి కొద్ది వారములలో ఆరువందల మందికి పైగా చనిపోయారు. డాక్టరు జాన్ స్నో అనే వైద్యుడు ఆ వీధిలోని పంపునీరే కారణమన్నాడు. ఆ పేటలోని లూకా దేవాలయములో సహాయ గురువుగా ఉన్న వైట్‌హెడ్ గారికి ఇంకా ముప్పది ఏండ్లు లేవు. డాక్టరుగారి మాట తప్పని రుజువు చేయుటకే బయలుదేరాడు. తన సంఘస్థుల ఇండ్లే గనుక ప్రతి గడప ఎక్కి, ఎవరు ఏ నీరు త్రాగారో అడిగాడు. అడిగిన కొద్దీ లెక్క ఆయనకే ఎదురు తిరిగినది. చివరకు మరణముల రిజిస్టరులో ఒక వరుస ఆయన కంటబడినది. పంపు ఎదుటి 40వ నంబరు ఇంటిలో ఐదు నెలల పసిబిడ్డ విరేచనములతో చనిపోయినది. తెగులు పేటలో చెలరేగుటకు ముందే ఆ బిడ్డకు జబ్బు చేసినది. ఆ తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీరు ఇంటిముందరి గుంటలో పోసినది. త్రవ్వి చూడగా ఆ గుంట ఇటుకలు శిథిలమై ఉన్నవి, అక్కడికి బావి మూడడుగుల దూరము కూడ లేదు. తన మాట తప్పని తేలిన సంగతిని ఆ గురువుగారు తానే వ్రాసి ఇచ్చాడు. మా హాస్టలు గుంట చదువుతూ చదువుతూ కళ్ళెదుట కనబడినది.

పాస్టరేటు కమిటీలో ఈ సంగతి పెట్టగానే ఏమి జరిగియుండునో మీరే ఊహించగలరు. పెద్దలలో ఒకరు, "అయ్యగారూ, ఇంటిగుట్టు మనమే వీధిలో పెట్టుకొంటామా?" అన్నారు. శతాబ్ది స్వాగతద్వారమునకు కూడిన కానుకలు ఈ గుంటకు వాడవలెనన్న మాట రాగానే మరొకరు లేచి, "వచ్చే బిషప్పుగారికి సెప్టిక్ ట్యాంకు చూపించి దండ వేస్తామా?" అన్నారు. అందరూ నవ్వారు, మేమును నవ్వాము. ఆయన హాస్యమునకు అనలేదని తరువాత తెలిసినది. ఇంకొకరు అడిగిన ప్రశ్న మాత్రము గట్టిది. "అసలీ వ్రాతల వల్ల ఎక్కడైనా ఏ సరస్సయినా బాగుపడినదా?"

బాగుపడినది. అమెరికాలో సియాటిల్ పట్టణము ప్రక్కన వాషింగ్టన్ సరస్సు ఉన్నది. చుట్టుప్రక్కల ఊళ్ళ మురుగంతా అందులోనికే వదిలేవారు. 1955లో ఎడ్మండ్‌సన్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యులు అక్కడ ఒక విధమైన నాచును గుర్తించారు. ఐరోపా సరస్సులు చెడిపోయే ముందు కనబడిన నాచే అది. సరస్సు నిజముగా మారుచున్నదని చెప్పుటకు వారి చేతిలో 1933లో ఎవరో శ్రద్ధగా కొలిచి వ్రాసిపెట్టిన అంకెలున్నవి. వాటితో పోల్చి చూపగా, 1958లో ప్రజలు ఓటు వేసి, పన్ను తమ నెత్తిన వేసుకొని, 1963 నుండి 1968 వరకు మురుగును సరస్సునుండి మళ్ళించారు. సముద్రపు పాయలోనికి మళ్ళించారనుకోండి, అది వేరే చర్చ. 1964లో సెక్కి బిళ్ళ అక్కడ మీటరు లోతు కూడ కనబడలేదు. పదిపన్నెండేండ్లు గడిచేసరికి అనేక మీటర్ల లోతున కనబడసాగినది. ఆ దేశములోనే మెయిన్ రాష్ట్రములో 1971 నుండి, మిన్నెసోటాలో 1973 నుండి సరస్సుల ఒడ్డున కాపురముండే సామాన్య జనులే జీతము లేకుండ బిళ్ళ దింపి కొలతలు వ్రాస్తున్నారు. కొల్లేరు వాషింగ్టన్ సరస్సు కాదని మాకు తెలుసు. అది ఎంతో లోతైనది, ఒక్క మురుగు ఆపితే చాలినది. మన కొల్లేటికి చేరే మురుగు ఎన్ని జిల్లాలదో, ఎన్ని చేతులు పట్టవలెనో. కమిటీలో ఇదంతా చెప్పాము. ఒప్పుకొన్నవారు ఎందరో, మేము మాట్లాడుట ఆపితే ఇంటికి పోవచ్చునని చేయి ఎత్తినవారు ఎందరో చెప్పలేము. తీర్మానమైతే నెగ్గినది.

అందుచేతనే, ఈ ఉత్సవములకు మా ఆవరణకు వచ్చినవారికి స్వాగతద్వారపు స్తంభములు రెండును భుజములెత్తు వరకు లేచి, పైన ఇనుప చువ్వలతో కనబడినవి. సగము సొమ్ము హాస్టలు వెనుక భూమిలో ఉన్నది. వర్షములకు ముందే క్రొత్త గుంట పూర్తయినది, డ్రెయిను మూసివేశాము. ఆ చోటి సీసా ఇప్పుడు ఒక్క రాత్రిలో నల్లబడుట లేదు. మిగిలిన సీసాలతో పాటు, వాటి వేళకే నల్లబడుచున్నది. పెద్దాయన అన్నదమ్ముల గట్టు దగ్గర ఇంకా ముందుగానే నల్లబడుచున్నది. వారు చెరువు నీరు నేరుగా కాలువకు వదలక ఒక మడిలో నిలువ ఉంచి వదలుటకు ఒప్పుకొన్నారు గాని, కౌలు చాలక ఆ పని సాగలేదు.

రిజిస్టరు గుడిలో, బాప్తిస్మముల రిజిస్టరు ప్రక్కనే ఉన్నది. ఎవరైనను తీసి చూడవచ్చును. ఆ మూడు వారముల పేజీ కూడ అందులోనే ఉన్నది. వచ్చే శనివారము పది గంటలకు దోనె రేవులో సిద్ధముగా ఉండును. ఇద్దరికి చోటున్నది. ఈత వచ్చినవారు, నల్లకళ్ళద్దములు ఇంటిదగ్గర ఉంచి రావలెను.